బావ ఎండబెట్టిన మేత

రొయ్యలు మేత ముట్టడం లేదని తెలిస్తే ఏ రైతైనా తల పట్టుకుంటాడు. చిన్నోడు మాత్రం అద్దం ముందు నిలబడి తల దువ్వుకున్నాడు.

ముప్పై దాటినా అక్కకి అతను చిన్నోడే. అక్కా, బావా, తనూ కలిసి మూడు రొయ్యల చెరువులు సాగు చేస్తున్నారు. రొయ్యల గురించి దిగులు లేదని కాదు. కానీ రొయ్యకి జబ్బు చేస్తే పరీక్షించడానికి ల్యాబ్ మేడం వస్తుంది. ఆవిడ వస్తోందంటే చాలు, చెరువు నీళ్లకి గాలి అందిస్తూ తిరగాల్సిన ఏరియేటర్లన్నీ అతని గుండెలో తిరగడం మొదలుపెడతాయి.

"చెరువుగట్టుకి ఇస్త్రీ చొక్కా ఎందుకురా?" అంది అక్క.

"ఉతికినవి ఇంకేం లేవక్కా," అన్నాడు, దండెం మీద ఆరుతున్న ఆరు చొక్కాల సాక్షిగా.

మేడం స్కూటర్ దిగి నేరుగా గట్టు మీదికి నడిచింది. మేత ఎంత తిన్నాయో చూడ్డానికి నీళ్లలోకి దించే చెక్ ట్రేని పైకి లాగింది. వేసిన మేత వేసినట్టే నాని ఉబ్బిపోయి ఉంది. నాలుగు రొయ్యలు మూల చేరి నీరసంగా కాళ్లాడిస్తున్నాయి. ఒకదాని పెంకు నొక్కితే తడిసిన కాగితంలా లోపలికి పోయింది. తలభాగం విప్పి చూస్తే, ముదురు గోధుమరంగులో నిండుగా ఉండాల్సిన లివర్ పాలిపోయి ముడుచుకుపోయింది.

"గాలి చాల్లేదమ్మా," అన్నాడు బావ వెనకనుంచి. "లేదా నీళ్లు వేడెక్కాయి. కాదంటే రెండూ." బావ చెప్పలేని జబ్బు లేదు. బావ చెప్పింది నిజమైన జబ్బు కూడా లేదు.

"మేత ఎక్కడ పెట్టారు? చూపించండి."

గోదాం తలుపు తీయగానే తడిగోనెల ముక్కిన వాసన గుప్పుమంది. పోయిన నెల వానకి కప్పు కారి బస్తాలన్నీ తడిశాయి. మేత గడ్డలు కట్టి, పచ్చగా బూజు పట్టింది. చిన్నోడూ, అక్కా పక్క ఊళ్లో పిల్లరొయ్యల కోసం తిరుగుతున్న రెండు రోజుల్లో, బావ ఆ మేతనంతా డాబా మీద ఆరబోశాడు. గడ్డలు చిదిపాడు, బూజు దులిపాడు, మళ్లీ బస్తాలకెత్తాడు. ఆ సంగతి ఇప్పుడు ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"చూడమ్మా, ఎలా కరకరలాడుతోందో!"

"బూజు పోయినా అది వదిలిన విషం మేతలోనే ఉంటుందండీ," అంది మేడం. "ఎండకి పోదు, దులిపితే పోదు. తిన్నకొద్దీ లివర్ చెడిపోతుంది. రొయ్యకైనా చేపకైనా అంతే."

బావకి రోషం పొడుచుకొచ్చింది. "విషమా? నా చేతుల్తో ఎండబెట్టిందా? ఇదిగో!" అని గుప్పెడు మేత నోట్లో పోసేసుకున్నాడు.

ఇద్దరు ఒకేసారి అరిచారు.

"ఉమ్మేయండి!" అని మేడం. "ఉమ్మేయ్ బావా!" అని చిన్నోడు. బావ బుగ్గలు పూరించుకుని, తల అడ్డంగా ఊపుతూ బస్తాల చుట్టూ పరుగు. చిన్నోడు ముందునుంచి దవడలు పట్టుకున్నాడు. మేడం వెనకనుంచి వీపు మీద ఒక్కటిచ్చింది. బావ ఉమ్మాడు. ఎక్కడంటే, ఇస్త్రీ చొక్కా మీద. ఇంతలో అక్క గొట్టం లాక్కొచ్చి నీళ్లు వదిలింది. బావ నోరు కడుగుదామని వదిలింది గానీ, కంగారులో ఎవరినీ మిగల్చలేదు.

నలుగురూ నిలువునా తడిసి నిలబడ్డారు. ముందుగా మేడమే నవ్వింది. ఆవిడ నవ్వితే ముక్కులోంచి గుర్రుమని చప్పుడొస్తుందని చిన్నోడికి అప్పుడే తెలిసింది. అంతే, ఇక తనకి మందు లేదనుకున్నాడు.

"నేను పోతానా?" అన్నాడు బావ బిక్కమొహం వేసి.

"మింగనిచ్చామా మిమ్మల్ని? ఏం కాదు, ఇంకా నాలుగుసార్లు పుక్కిలించండి. రొయ్యలే పాపం, పూటపూటా అదే తిన్నాయి."

బావ మొహం వాడిపోయింది. తడి బస్తా మీద కూలబడ్డాడు. "నా చేత్తోనే వేశాను," అన్నాడు మెల్లగా. అక్క తన కొంగు పిండి, దానితో ఆయన తల తుడిచింది.

కాసేపటికి బావే తేరుకుని, "పోనీ, కోళ్లకి..." అన్నాడు.

"వద్దు!" అని ముగ్గురూ అరిచారు.

ల్యాబ్ పరీక్షలోనూ అదే తేలింది. ఆ మేతనంతా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చేశారు. గోదాం కప్పు మార్చారు. కొత్త బస్తాల్ని చెక్కబల్లల మీద, గోడకి ఎడంగా పేర్చారు. అయినా చాలా రొయ్యలు చచ్చిపోయాయి. వాటిని బావ ఇంకెవరినీ ముట్టనివ్వకుండా తనే వలతో ఎత్తిపోశాడు. మిగిలినవి మాత్రం మెల్లగా మేత దగ్గరికి రాసాగాయి.

ఒక పొద్దున చిన్నోడు ట్రే పైకి లాగితే ఒక్క గింజ లేదు. తళతళలాడే రొయ్యలు నాలుగైదు అందులోంచి చెంగున ఎగిరి నీళ్లలో పడ్డాయి. చిన్నోడూ ఎగిరాడు. నీళ్లోడుతున్న ట్రే పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధులన్నీ దాటి ల్యాబ్‌కి పరుగెత్తాడు. అక్కడ ఒక పెద్దాయన చేపను కవర్లో వేసుకుని తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. ఆయన్ని దాటుకుని లోపలికి దూరాడు.

"ఖాళీ! మొత్తం తినేశాయి!"

మేడం ట్రే అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖం విప్పారింది. "గండం గడిచినట్టే!"

"అయితే ఇక మీరు రారన్నమాట," అన్నాడు చిన్నోడు, ఉన్నట్టుండి నీరుగారిపోయి.

"జబ్బు లేకపోతే రాకూడదా?"

"రండి. రేపు రండి. ఎల్లుండి రండి. అసలు... వచ్చి ఉండిపోండి."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. మేడం ఖాళీ ట్రేని మళ్లీ ఇటూ అటూ తిప్పింది. తర్వాత ముక్కులోంచి గుర్రుమని చప్పుడొచ్చింది.

"సరే," అంది.

చిన్నోడు ఉన్నచోటే నేల మీద చతికిలబడ్డాడు.

"సరే అందిగా నాయనా," అన్నాడు పెద్దాయన గుమ్మంలోంచి కవరు పైకెత్తి. "ఇక లే. నా చేపను చూపించుకోవాలి."