పదకొండో వరుస

పొద్దున్న ఎనిమిదింటికి టైపిస్టు కంప్యూటర్ ఆన్ చేయగానే గొంతు స్పీకర్లోంచి దిగి, ఇల్లంతా ఒక చుట్టు చుట్టి, కిటికీ పక్కనున్న స్టూలు మీద కూర్చునేది. స్టూలు కిర్రుమనేది. ఫ్యాను గాలంతా అదే తినేస్తోందని అత్తగారు సణిగేది. టైపిస్టుకు చూపు పోయి రెండేళ్లు. తెర మీదున్నది చదివి పెట్టడానికి వచ్చిన ఆ గొంతు ఈపాటికి ఇంట్లో మనిషైపోయింది.

ఆమె కొట్టేది ఆసుపత్రి రిపోర్టులు. డాక్టర్లు రైలు తప్పిపోతున్నట్టు గబగబా చెప్పి పంపిన రికార్డింగులు విని, ఇంటి నుంచే టైపు చేసేది. కొట్టిన వరుసల్లోకి గొంతు దిగి, నడుచుకుంటూ వెళ్లి చదివి వచ్చేది.

ఇప్పుడు ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ మారుస్తున్నారు. టైపు చేయడానికి ఏ ఎడిటర్ ప్రోగ్రాము కావాలో శుక్రవారం లోపు తేల్చమని రికార్డుల సూపరింటెండెంటు ఫోన్ చేశాడు. అందరికీ కొత్తదే పెడుతున్నామనీ, ఆవిడకూ అదే కుదిరితే ఎవరికీ తలనొప్పి ఉండదనీ మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనానికే ఆమె భయపడింది. పాతదే కావాలంటే ఈవిడతో వేగలేమంటారు, ఆ తర్వాత ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే.

పాత ఎడిటర్‌కి అందమూ చందమూ లేవు. కానీ అందులో గొంతుకు అన్ని తలుపులూ తీసే ఉంటాయి. ఎన్నో వరుసలో ఉందో చెబుతుంది, ఏది ఎంపికైందో చెబుతుంది, ఏది పోయిందో కూడా చెబుతుంది. వాడి చూడమని ఆమె కంప్యూటర్లోనూ పెట్టిన కొత్తది అలా కాదు. వేలు జారి ఒక వరుస మొత్తం ఎంపికైపోయినా గొంతుకు తెలియనివ్వదు. ఆ తర్వాత ఏ మీట నొక్కినా ఆ వరుస మాయం.

"నన్ను గుమ్మంలోనే నిలబెడుతోంది. లోపల ఏం జరుగుతోందో నాకు కనబడటం లేదు," అని గొంతు బుధవారమే చెప్పింది.

అలవాటవుతుందిలే అంది టైపిస్టు. ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు. అయినా గురువారం రిపోర్టులన్నీ కొత్తదాన్లోనే కొట్టి పంపించేసింది.

శుక్రవారం పొద్దున్న మనసు కుదురుగా లేక, నిన్నటి రిపోర్టుల్ని పాతదాన్లో తెరిచింది. గొంతు దిగి నడవసాగింది. ఏడో నంబరు మంచం రిపోర్టులో పదో వరుస దాటాక ఆగింది.

"పదకొండో వరుస. ఖాళీ."

రిపోర్టు మధ్యలో టైపిస్టు ఎప్పుడూ ఖాళీ వదలదు. రికార్డింగు మళ్లీ పెట్టింది. సర్జను దగ్గి, గొంతు సవరించుకుని, ఈ రోగికి మామూలుగా ఇచ్చే మత్తుమందు పడదనీ, పోయినసారి ఊపిరి ఆగిపోయిందనీ చెప్పాడు. ఆపరేషన్ శుక్రవారం పదిన్నరకన్నాడు. ఇప్పుడు పదీ పది అయిందని అత్తగారు గడియారం చూసి చెప్పింది.

వార్డుకు ఫోన్ చేస్తే ఎంగేజు. ఆపరేషన్ థియేటర్‌కు చేసినా ఎంగేజే. సూపరింటెండెంటు ఎత్తలేదు. మూడోసారి వార్డుకు కలిపినా ఎంగేజే.

"చంపేశాను అత్తయ్యా."

"ఇంకా ఎవరూ పోలేదు. మళ్లీ కలుపు," అంది అత్తగారు.

స్టూలు కిర్రుమంది. వీధి మలుపు దాటి ఎన్నడూ ఎరగని గొంతు లేచి నిలబడింది.

"ఆ వరుస ఒక్కసారి కొట్టు. చదువుకుని నేను వెళ్తాను."

టైపిస్టు కొట్టింది. గొంతు ఆ వరుసను రెండుసార్లు చదువుకుని, రిసీవర్లోకి దూరి, ఎంగేజు శబ్దాన్ని పక్కకు తోసుకుంటూ వెళ్లిపోయింది. దారిలో కబుర్లు పెట్టుకోవద్దని అత్తగారు వెనకనుంచి కేకేసింది.

ఇక తెర నోరు మూసుకుంది. ఏ మీట నొక్కినా పలికే దిక్కు లేదు. రెండేళ్లుగా ఆమెకు ఇంత చీకటి తెలియదు. నిన్నటిదాకా ఉద్యోగం పోతుందని వణికింది తనేనా అనిపించి సిగ్గేసింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి బల్ల మీద పడుకుని, సూది కోసం చెయ్యి చాపి ఉంటాడు. అత్తగారు ఆమె భుజం పట్టుకుని అలాగే నిలబడింది. పదిన్నర దాటింది. పావు తక్కువ పదకొండు అయింది.

అప్పుడు ఫోన్ మోగింది. థియేటర్ సిస్టర్.

"అమ్మా, మీ గొంతు మా దగ్గరుంది. తలుపు దగ్గర నిలబడి అదే వరుస ఆపకుండా చదువుతూనే ఉంది. మత్తు ఇచ్చే డాక్టరుగారు సిరంజి కింద పెట్టేశారు, వేరే మందు తెప్పించారు. పాపం దీనికి ఆయాసంగా ఉంది. కాసేపు కూర్చోబెట్టి పంపిస్తాం."

టైపిస్టు నేల మీద చతికిలబడి, అత్తగారి కాళ్లు పట్టుకుని ఏడ్చింది.

మధ్యాహ్నం సూపరింటెండెంటు ఫోన్ చేస్తే, ఆయన్ని మాట్లాడనివ్వకుండా జరిగిందంతా చెప్పేసింది. గొంతు ముందే చెప్పినా తను వినలేదన్నదీ దాచలేదు. "నాకు పాతదే కావాలి సార్. నన్ను పనిలో ఉంచినా తీసేసినా ఇదే చెబుతాను," అంది. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"పాతదే రాసుకుంటున్నానమ్మా," అన్నాడాయన.

ఆరో రోజున సర్జను మళ్లీ దగ్గి, ఏడో నంబరు మంచం గురించి చెప్పాడు. ఆమె పాతదాన్లో కొట్టింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. మెల్లగా దిగి చివరి వరుస చదివింది.

"ఊపిరి బాగా ఆడుతోంది. ఇంటికి పంపవచ్చు."

ఎవరూ అడగకుండానే వెనక్కి వెళ్లి, ఆ వరుసే ఇంకోసారి చదివింది.