తడి రంగు

రిటైరైన టైపిస్టు ఇనుప కత్తిని ముందేసుకుని వాకిట్లో కూర్చున్నాడు. అది రంగు వేసిపెట్టమని నాటకాల బృందం వాళ్లిచ్చిన రాజుగారి కత్తి. తుప్పు పట్టి, దాంతో వంకాయ కూడా తెగదన్నట్టుంది. తలుపులకీ కుర్చీలకీ రంగు వేశాడు గానీ ఇనుముకు వేయడం ఆయనకిదే మొదలు. రంగుల దుకాణదారు చెప్పినట్టే గరుకు కాగితంతో తుప్పంతా రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమరు పూసి, అది ఆరాక వెండి రంగు పలచగా వేశాడు.

కత్తిని దండేనికి వేలాడదీసి, అలవాటు కొద్దీ అట్టముక్క మీద "తడి రంగు, ముట్టుకోవద్దు" అని రాసి పక్కన తగిలించాడు.

ఆ అట్ట ఏనాడూ పనిచేసింది లేదు. దేనికి రంగు వేసినా, ఆయన అటు తిరిగేలోపు భార్య బొటనవేలు పెట్టి నొక్కేది. ఇంట్లో ఆవిడ వేలిముద్ర పడని సామాను లేదు. ఆయన చిందులు తొక్కేవాడు.

"ఆరిందో లేదో చూశానండీ. దానికే కొంపలు మునిగినట్టు అరుస్తారేం?" అనేది ఆవిడ.

ఆవిడ పోయి ఏడాది దాటింది.

సాయంత్రానికి కత్తి అద్దంలా మెరిసింది. ఎంత వెతికినా ఒక్క మచ్చ కనిపించలేదు. పెళ్లైన నాటి నుంచీ ఆయన కోరుకున్నది అదే. తీరా దక్కితే ఒళ్లు మండింది.

"ఇదిగో, ఆరిందో లేదో చూడవే," అన్నాడు ఖాళీ వంటింటి వైపు తిరిగి.

పిడి పక్కన తన బొటనవేలే ఆనించి గట్టిగా నొక్కాడు. తీసి చూస్తే గుర్తేమీ పడలేదు. రంగు ఎప్పుడో ఆరిపోయింది.