జూనీ అంత ఎత్తు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మగవాళ్ళు ఇద్దరు ఒక వాకిట్లో చేరితే ఎలా ఉంటుందో ఆ శనివారం చూశాను.

మా ఆయన వెండెల్ కొత్త పికప్ ట్రక్కు కొనాలని తిరుగుతున్నాడు. షోరూమువాళ్ళు ఒకరోజు నడిపి చూడమని ఎర్ర బండి ఇచ్చి పంపారు. వాళ్ళ వంశంలో మగాడన్నవాడు ఆ కంపెనీ బండి తప్ప మరొకటి ఎక్కలేదు. మా మామగారి శవపేటిక కూడా అందులోనే వెళ్ళింది. మా తమ్ముడు రాయిస్‌ది తెల్ల బండి. అది వేరే కంపెనీది, మా పుట్టింట్లో దానికే పూజ.

"గుద్దుడు పరీక్షల్లో దీనికి ఐదు నక్షత్రాలొచ్చాయిరా," అన్నాడు వెండెల్.

"నాదానికీ ఐదే బావా. పైగా ఎయిర్‌బ్యాగులు ఎనిమిది. నీ డబ్బాలో ఆరేగా?"

"నా డబ్బా బోల్తాపడ్డా పైకప్పు చెక్కుచెదరదు. నీదానికి ఎద్దు ఆనుకుంటే సొట్ట!"

నాకు ఒళ్ళు మండింది. గంట నుంచీ ఇద్దరూ బండి లోపల ఉన్నవాళ్ళ సంగతే మాట్లాడుతున్నారు. మా మనవరాలు జూనీకి నాలుగేళ్ళు. తాత బండి చప్పుడు వినిపిస్తే చాలు, ఎదురు పరిగెత్తుతుంది. ఆ బండ్ల ముందు భాగం చూస్తే నా గడ్డం దాకా ఉంది.

"ఎవరి బండిలో వాళ్ళు కూచోండి. నేను చెప్పేదాకా కళ్ళు మూసుకోండి," అన్నాను.

జూనీని వరండాలో కూర్చోబెట్టి చేతిలో బిస్కెట్ పెట్టాను. మూతలున్న పొడవాటి ఖాళీ దాణా బకెట్లు రెండు ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, పైన వెండెల్ కొత్త టోపీ పెట్టాను. సరిగ్గా జూనీ అంత ఎత్తు వచ్చింది. ఎర్ర బండికి నాలుగడుగుల ముందు ఉంచి పక్కకు తప్పుకున్నాను.

"కళ్ళు తెరువు. ముందు ఏముంది?"

"ఏముంది, వాకిలి!"

"అయితే కదులు."

ఫట్‌మని బకెట్లు ఎగిరాయి. టోపీ చక్రం కింద అప్పడమైంది. ఆ చప్పుడుకి కళ్ళు తెరిచిన రాయిస్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నీ వంతురా," అని అవే బకెట్లు తెచ్చి తెల్ల బండి ముందు పెట్టాను. వాడు సీట్లోంచి లేచి మెడ సాచాడు, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎక్కడ పెట్టావక్కా?"

"నీ ముందేరా."

వాడి నవ్వు ఆగిపోయింది. దొందూ దొందే.

వెండెల్ దిగి టోపీ తీసుకున్నాడు. వరండాలో బిస్కెట్ కొరుకుతున్న జూనీ వైపు చూశాడు. "రోజూ అది నిలబడేది అక్కడే కదే, ఒపల్," అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

చివరికి ఎర్రదే కొన్నాడనుకోండి. వంశం ఊరుకుంటుందా? కానీ ఇప్పుడది గేటు బయటే ఆగుతుంది. అక్కణ్ణుంచి మోకాళ్ళు పట్టుకుని తిట్టుకుంటూ నడిచొస్తాడు. జూనీ ఎదురు పరిగెత్తుతుంది. రాయిస్ బండీ అక్కడే ఆగుతోంది.

మొన్న ఆదివారం చర్చి దగ్గర ఎవరో టోపీ మీద ఆ టైరు గుర్తేమిటని అడిగారు.

"మా జూనీ ఎత్తు కొలిచాం," అన్నాడు వెండెల్.