ఎలుగుబంటి వాటా

నేను ఒక నల్లబల్లని. టేకు చెక్కలు అతికించి, నల్లరంగు పట్టించి, ఖమ్మం వైపు ఒక డిగ్రీ కళాశాలలో తత్వశాస్త్రం గదికి నన్ను బిగించారు. ఆ శాఖకు పెద్ద వరదాచారిగారు. ఏళ్ల తరబడి నా మీద ఎడమవైపు గ్రీకు, జర్మనీ పండితుల పేర్లు, కుడివైపు సంస్కృత సూత్రాలు రాసేవారు. లోకంలో ఆలోచించినవాళ్లు ఇంతమందేనని నేనూ నమ్మాను. నా మీద రాసిందే కదా నాకు తెలిసేది!

అప్పుడు మడివి జోగేశ్వరి గెస్టు లెక్చరర్‌గా వచ్చింది. భద్రాచలం అడవుల్లోని కోయ కుటుంబం వాళ్లది. న్యాయం మీద పాఠం చెబుతూ ఒకరోజు నా నడిమధ్యన రాసింది: ‘ఎలుగుబంటికి వాటా ఉందా?’

పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

“ఇప్పపువ్వు ఏరబోతే మా అవ్వ చెట్టుకింద కొంత వదిలేసి వచ్చేది. ఎందుకే అంటే, ఎలుగుబంటి వాటా అనేది. దయతో ఇచ్చేది కాదంట, దానికి రావాల్సిందేనంట. మరి న్యాయం మనుషుల మధ్యనే ఉంటదా? చెప్పండి.”

“మాట్లాడలేనిదానికి హక్కేంది మేడమ్?” అని ఒకమ్మాయి లేచింది.

“అయితే పసిపిల్లలకు హక్కుల్లేవా?” అని వెనక బెంచీ అరిచింది.

ఆ గోలకు వరదాచారిగారు వచ్చారు. “ఇది జానపదం అమ్మా. తెలుగు శాఖవాళ్లు చూసుకుంటారు. తుడిచెయ్యి.”

“గ్రీసులో ముసలాయన అడిగితే తత్వశాస్త్రం, అడవిలో మా అవ్వ అడిగితే జానపదమా సార్? నేను తుడవను.”

ఆయనే తుడిచారు. తుడిస్తే పోతుందని మనుషులకు భలే నమ్మకం. ఆయన తుడిచినప్పుడల్లా ఆమె ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాసింది. ఏడాది చివర ఆమెను మళ్లీ తీసుకోలేదు. సెలవుల్లో నన్నూ ఊడబీకి, డిజిటల్ బోర్డు పెట్టి, సైకిల్ షెడ్డు వెనక విరిగిన బెంచీల మీద పడేశారు. వానకు నా అంచులు ఉబ్బాయి.

ఒక ఆదివారం జోగేశ్వరి వచ్చి నన్ను గోడకు ఆనించింది. కబురందుకున్న పిల్లలు ఆ విరిగిన బెంచీల మీదే సర్దుకున్నారు. “ఇక్కడ పాఠం చెప్పటానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు,” అంది.

తర్వాత ప్రతి ఆదివారం జనం పెరిగారు. వెలివేయడం న్యాయమేనా అని తండా నుంచి వచ్చిన కుర్రాడు అడిగాడు. వాళ్ల అమ్మమ్మ చెప్పే సబర్‌కీ, అంటే ఓర్పుకీ, లొంగిపోవడానికీ తేడా ఏమిటని ముంతాజ్ వాదించింది. “అవ్వలు చెప్పారని ఒప్పుకోకండి. మా అవ్వను కూడా నిలదీయండి,” అనేది జోగేశ్వరి.

ఒకనాడు వరదాచారిగారు వచ్చి నిలబడ్డారు. ఆపమంటారేమోనని పిల్లలు లేచారు. ఆయన నా మీది ప్రశ్న చదివి, కోపంగానే అన్నారు: “హక్కుంటే బాధ్యత కూడా ఉండాలి కదమ్మా! ఎలుగుబంటికి ఏం బాధ్యత ఉంది?”

జోగేశ్వరి ముఖం విప్పారింది. “జానపదమైతే ఖండించే పనే లేదు కద సార్. వాదానికి దిగారు. రాయండి.”

ఆమె ఇవ్వజూపిన సుద్దముక్క వైపు చూసి ఆయన తటపటాయించారు. చివరికి అందుకుని, వంగి, నా మీద రాశారు. ఆయన వాక్యం పూర్తి కాకముందే ఆమె ఇంకో సుద్దముక్కతో కింద జవాబు మొదలుపెట్టింది.