పరుగుకు ముందు మాత్ర

మా ఇస్త్రీ గదిలో నొప్పి మాత్రను ఎవరూ మందు అనరు. టీ ఎలాగో అదీ అలాగే. పెద్ద హోటల్ లాండ్రీ మాది. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని వేడి రోలరులోకి పంపిస్తే, అవతల ఇద్దరు అందుకుని మడతపెడతారు. పొద్దున నిలబడితే సాయంత్రం దాకా నిలబడటమే. నడుం పట్టేస్తుంది, పిక్కలు లాగేస్తాయి. అందుకని రోలరు పక్కన గోడకు కొట్టిన మేకుకు ఎప్పుడూ ఒక మాత్రల అట్ట వేలాడుతూ ఉంటుంది. కావలసినవాళ్ళు తుంచుకుంటారు, అయిపోతే ఎవరో ఒకరు కొత్తది తగిలిస్తారు. నేను పనిలో చేరిన రోజున రోలరు దగ్గర నా జోడీ అయిన పొడుగక్క చెప్పిన మొదటి మాట ఇది: "బాత్రూమ్ అటు, మేకు ఇటు. ఈ రెండూ తెలిస్తే పని వచ్చేసినట్టే."

నా కూతురికి రక్త క్యాన్సర్. ఈ మాట నెమ్మదిగా చెప్పడం నాకు రాదు, అందుకే గబుక్కున అనేస్తాను. పదమూడేళ్ళ పిల్ల. చిన్నప్పటి నుంచీ కదిలిస్తే కుడుతుంది కాబట్టి ఇంట్లో దాన్ని కందిరీగ అంటాం. మందులతో జబ్బు అణిగింది, పోలేదు. అది మళ్ళీ తల ఎత్తేలోపు వేరే మనిషి మూలకణాలు ఎక్కించాలన్నాడు డాక్టరు. వాళ్ళ నాన్నకు పాత లివర్ జబ్బు, ఆయన ఇవ్వడానికి లేదు. నావి పూర్తిగా సరిపోవన్నారు. దాతల జాబితాలన్నీ వెతికించారు. ఒక్కరూ సరిపోలేదు. ఇంత లోకంలో, ఇన్ని కోట్ల జనంలో, నా పిల్లకు సరిపోయే మనిషి ఒక్కడు పుట్టలేదా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలోనే ఆస్పత్రి మెట్ల దగ్గర పోస్టరు చూశాను. రక్త క్యాన్సర్ మీద పరుగు. పరిగెత్తడానికి వచ్చినవాళ్ళందరూ బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పించుకుని దాతలుగా చేరతారట. ఇంకేం, బస్సు వెనక తప్ప దేని వెనకా పరిగెత్తి ఎరగనిదాన్ని, పేరు ఇచ్చేశాను. నేను పరిగెత్తకుండా "మీరు రండి" అని పదిమందిని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? ఆ పదిమందిలోనే ఆ ఒక్క మనిషి ఉండవచ్చు కదా.

పొద్దున్నే ఇంట్లో వంట, తర్వాత లాండ్రీ, సాయంత్రం ఆస్పత్రి. మిగిలింది మధ్యాహ్నం తిండి వేళ ఒక్కటే. అందరూ గిన్నెలు విప్పుకుంటుంటే నేను బూట్లు కట్టుకుని లాండ్రీ వెనక, బండ్లు నిలిపే చోట చుట్లు కొట్టేదాన్ని. మొదటి వారానికే మోకాలు వాచింది. మేకు ఉండనే ఉంది. పరుగుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి. రాను రాను ముందు రెండు, తర్వాత రెండు. కడుపులో మండితే చల్లటి నీళ్ళు తాగి మళ్ళీ రోలరు దగ్గరికి పోయేదాన్ని. పరిగెత్తి వచ్చి దుప్పటి కొస అందుకుంటుంటే పొడుగక్క, "ఒసేయ్, దుప్పటికీ నీకూ తేడా తెలియడం లేదు, నిన్ను కూడా మడతపెట్టేస్తానేమో" అని నవ్వేది. నవ్వుతూనే తను కూడా పేరు ఇచ్చింది. తన వెనకే మా గదంతా ఇచ్చింది. ఆఖరికి ఎవరికీ నవ్వు మొహం చూపించని మా సూపర్‌వైజరు కూడా ఇచ్చాడు.

ఇంట్లో మా అత్తయ్య మాత్రం జోరీగలా చెవిలో పోరు.

"అద్దంలో మొహం చూసుకున్నావా అమ్మాయ్? సున్నం కొట్టిన గోడలా ఉన్నావు."

"పరిగెత్తేవాళ్ళు అలాగే ఉంటారు అత్తయ్యా."

"పరిగెత్తేవాళ్ళు మెట్లెక్కి ఆయాసంతో గోడ పట్టుకోరు. నాకు తెలియకడుగుతాను, అదేం పరుగు? పిల్లకి ఒళ్ళు బాగాలేదంటే నువ్వూ పోటీకి తయారయ్యావా?"

నాకు కోపం వచ్చింది. మనవరాలి కోసం ఈవిడ ఏం చేస్తోంది గనక అనుకున్నాను. పైకి అనలేదు గానీ, గిన్నె చప్పుడులో అనేశాను.

కందిరీగకు మాత్రం నా పరుగు అంటే పండగే. దాని గది ఆస్పత్రి పై అంతస్తులో, రోడ్డు వైపు. సూక్ష్మక్రిములు సోకకుండా తలుపు మూసి ఉంచే గది. అద్దం అవతల నిలబడి ఫోనులో మాట్లాడుకోవడమే.

"అమ్మా, నా కిటికీ కిందనుంచే పోతారంట అందరూ. నువ్వు ఆగి చెయ్యి ఊపకు, సిగ్గుగా ఉంటుంది. పరిగెత్తుతూనే ఉండు. నర్సులందరికీ చెప్పేశా, మా అమ్మ ముందుంటుందని."

"ముందా? నేనా? నీ నోటికి తాళం వెయ్యాలే!"

"చెప్పేశా, అంతే. ఇప్పుడు నా పరువు నీ కాళ్ళలో ఉంది."

పరుగు ఇంకా వారంలోకి వచ్చిందనగా డాక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. ఇక సరిపోయే దాత కోసం చూడలేమన్నాడు. తల్లి కణాలు సగం సరిపోతాయట, ఆ సగంతోనే చేద్దామన్నాడు. మరుసటి వారమే చేసెయ్యాలి, ఈ తెరిపి ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడు. ఊరంతా వెతికిన మనిషిని నేనేనా! ఇప్పుడే కోసుకోండి, ఏది కావాలంటే అది తీసుకోండి అన్నాను. ఆయన నవ్వి, ముందు రక్తపరీక్ష చేయించుకొమ్మన్నాడు.

మర్నాడు పిలిచినప్పుడు ఆయన నవ్వలేదు.

"మీకు రక్తం చాలా తక్కువగా ఉంది. ఇంత తక్కువైతే మీ నుంచి తీయడం కుదరదు. మందులేమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేదా? ఒంటినొప్పులకి కూడా?"

"ఓ, అదా? అది మందెలా అవుతుందండీ? మా గదిలో అందరం వేసుకుంటాం."

"రోజుకి ఎన్ని?"

చెప్పాను. ఆయన కలం కింద పెట్టాడు. తినకుండా వేసుకుంటారా అని అడిగాడు. కడుపులో మంట ఉందా, దొడ్డికి నల్లగా వెళుతోందా అని అడిగాడు. అన్నిటికీ అవుననే చెప్పాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే గొంతులోంచి కెమెరా గొట్టం దించి చూశారు. కడుపులో పుండు. అందులోంచి రోజూ కొద్దికొద్దిగా రక్తం కారిపోతోందట.

నా చేతులతో నేనే చేశాను. ఎవరినీ అనడానికి లేదు, ఎవరి మీదా కేకలు వెయ్యడానికి లేదు. పిల్ల కోసం పరిగెత్తి పరిగెత్తి, పిల్లకు ఇవ్వాల్సిన ఒంటినే గుల్ల చేసుకున్నాను. గోరుచుట్టుపై రోకటిపోటు అంటారే, ఆ రోకలి నా చేతిలోనే ఉంది. ఆస్పత్రి వరండాలో కూలబడి తల గోడకేసి కొట్టుకున్నాను. అత్తయ్య వచ్చి నా తలకూ గోడకూ మధ్య తన చెయ్యి పెట్టింది. "నే చెప్పలే?" అని ఒక్క ముక్క అనలేదు. అంటే బాగుండేది.

కందిరీగ గదికి కింది అంతస్తులో నాకు మంచం ఇచ్చారు. పుండు మానాలి, రక్తం పెరగాలి, అప్పటిదాకా పిల్ల చికిత్స ఆగాలి. మంచం దిగవద్దు, పరుగన్న మాట ఎత్తవద్దు, ఆ పుండు మళ్ళీ చిట్లితే ఇక మీ నుంచి తీసే ఆశ వదులుకోవాల్సిందే అన్నాడు డాక్టరు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మా ఇంట్లో సామెత. ఈయన నన్ను కూర్చుని తినమంటాడు. ఎవరిదో రక్తం సంచీలోంచి నా చేతిలోకి దిగుతుంటే కళ్ళప్పగించి చూస్తూ పడుకున్నాను. పైన ఉన్న పిల్లకు మాత్రం ఏమీ చెప్పవద్దని అందరినీ కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను. అది తట్టుకోలేదన్నాను. దానికి మాత్రం పరుగు సాధనలో తీరడం లేదని ఫోనులో చెప్పాను. నిజం చెప్పాలంటే దాని మొహం చూసి చెప్పే ధైర్యం నాకే లేదు.

ఆదివారం పొద్దున రోడ్డు మీద మైకు మొదలైంది. పొడుగక్క, మా గదివాళ్ళందరూ ఆ గుంపులో ఉన్నారు. అందరూ కనిపిస్తారు, దాని అమ్మ తప్ప. నర్సులందరికీ చెప్పుకున్న పిల్ల, ఎవరి వంక చూస్తుంది? ఎంత దూరం గనక? ఆస్పత్రి గేటు నుంచి ఆ మలుపు దాకా, దాని కిటికీ కింద ఒక్క నిమిషం పరిగెత్తితే చాలు. ఆ తర్వాత మళ్ళీ వచ్చి పడుకుంటాను. ఒక్క నిమిషానికి ఏమవుతుంది? అత్తయ్య మొహం కడుక్కోవడానికి వెళ్ళగానే పేరు ఇచ్చినప్పుడు వాళ్ళిచ్చిన పసుపుపచ్చ పరుగు చొక్కా నా సంచీలోంచి తీసి, తలలోంచి దూర్చుకుని బూట్లు తొడుక్కున్నాను. లిఫ్టులో కళ్ళు చీకట్లు కమ్మాయి. కమ్మనీ అనుకున్నాను.

కింద హాలులో అద్దం తలుపు అవతలే జనం. మొదటివాళ్ళు అప్పుడే దాటిపోతున్నారు. తలుపు మీద చెయ్యి వేశాను. ఫోను మోగింది.

"అమ్మా, ఎక్కడున్నావు? మీ పొడుగక్క పోతోంది, మీ సూపర్‌వైజరు కూడా పోతున్నాడు. నువ్వు కనబడవేంటి? వెనకబడ్డావా?"

వస్తున్నానే, ఇదిగో వస్తున్నా అనాలని నోరు తెరిచాను. దాని ఊపిరి వినిపిస్తోంది. కిటికీకి అంత దగ్గరగా మొహం పెట్టి నిలబడింది కాబోలు. అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"నేను పరిగెత్తడం లేదమ్మా."

"అదేంటి?"

"నీకు ఇవ్వాల్సింది నేనే. నావి సగం సరిపోయాయి. కానీ నొప్పి మాత్రలు మింగి మింగి కడుపులో పుండు తెచ్చుకున్నా. రక్తం పోయింది. పెరిగేదాకా తీయరట. నీ కింది అంతస్తులోనే ఉన్నాను."

బయట ఎవరో చప్పట్లు కొడుతున్నారు. తిట్టు తల్లీ, కుట్టు, నీ ఇష్టం వచ్చినట్టు కుట్టు అనుకున్నాను.

"అయితే నాకు ఎవరిస్తారు?" అంది. అంత చిన్న గొంతు దానికి ఉందని నాకు తెలియదు.

"నేనే ఇస్తాను."

"నిజంగా?"

"నిజంగా."

"ఇప్పుడు ఎక్కడున్నావు? మంచం మీదేనా?"

నా ఫోనులోంచి వినిపిస్తున్నవి తన కిటికీ కింది చప్పట్లేనని దానికి అర్థమైపోయింది.

"అమ్మా," అంది, ఏడుపు ఆపుకుంటూ, "కదలకు. అక్కడే కూర్చో. నాకు నువ్వు ఒక్కదానివే ఉన్నావు. కదలకు."

తలుపు మీంచి చెయ్యి తీశాను. పక్కన బెంచీ ఉంది, కూర్చున్నాను. అద్దం అవతల జనం పరిగెత్తుతూనే ఉన్నారు. ఎవరో వచ్చి నన్ను చక్రాల కుర్చీలో తీసుకుపోయేదాకా కదలకుండా అలాగే కూర్చున్నాను.