కోరపన్ను వాపు

సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు కావస్తోంది. మహబూబాబాద్‌లో బస్సులు డిపోలోనే ఉన్నాయి. ఆ రోజు రైలు పట్టాల మీద కూడా జనం కూర్చున్నారు. పంటినొప్పితో నిద్రలేని ఉప్పలమ్మను భర్త సారయ్య నెల్లికుదురు నుంచి బండి మీద తీసుకొచ్చాడు.

డాక్టర్ కవిత మహబూబాబాద్‌లో పళ్ల దవాఖాన తెరిచి ఏడాది కాలేదు. ఆమె ఉప్పలమ్మ పైదవడ కోరపన్నుకు మత్తిచ్చి, నరం తీసి, వేరు లోపల మందుతో కడగసాగింది. బట్టల మరకలు పోగొట్టే బ్లీచింగ్ వంటి మందది. వేరులో క్రిములను చంపుతుంది, కొస దాటితే కండను కాలుస్తుంది. సూది కొసకు కాస్త ముందే ఆగాలి, ఎక్కడా బిగుసుకోకూడదు, మందు మెల్లగా వదలాలి. ఇవన్నీ కవితకు తెలుసు. కానీ మందు కొసవైపు చిమ్మకుండా పక్కన రంధ్రముండే సూదులు అయిపోయాయి, సమ్మె వల్ల కొత్తవి రాలేదు. మామూలు సూది పెట్టింది. కోత వేళకు కరెంటు పోయేలోగా ముగించాలన్న తొందరలో, సూది బిగిసినట్టు అనిపించినా నొక్కింది.

"అవ్వో! మంట! కంట్లకు ఎక్కింది!" ఉప్పలమ్మ కుర్చీలోంచి లేచిపోబోయింది.

పంటిలోంచి రక్తం ఉబికింది. చూస్తుండగానే చెంప పొంగింది. కవిత రక్తాన్ని పోనిచ్చి, ఉప్పునీటితో నెమ్మదిగా కడిగి, గుడ్డలో ఐసు చుట్టి చెంపకు ఆనించింది.

సారయ్య లోపలికి పరుగెత్తుకొచ్చాడు. "గిట్ల ఉబ్బిందేందమ్మా?"

చీము వల్ల అంటే నమ్మేవాడే. ఆ మాట కవిత నోటిదాకా వచ్చింది.

"నా తప్పే బాపు. నేను గట్టిగ నొక్కిన. మందు పన్ను దాటి లోపలికి పోయింది."

"పానానికేమన్న ఐతదా?"

కవిత వెంటనే వరంగల్‌లో తనకు చదువు చెప్పిన విజయ మేడంకు ఫోన్ చేసింది.

"ఊపిరి బాగా ఆడుతోందా? మింగుతోందా? కన్ను కనిపిస్తోందా?" అని మేడం అడిగింది. కవిత అన్నిటికీ అవుననగానే, "అయితే మందులిచ్చి కళ్ల ముందే ఉంచుకో. ఏ ఒక్కటి తేడా వచ్చినా ఇక్కడికి తీసుకురా" అంది.

"దారి బందున్నది మేడం!"

ఆ మాట విన్న సారయ్య చౌరస్తాలోని సమ్మె టెంటుకు పరుగెత్తాడు. జెండా కట్టిన ఆటోతో కొండల్ అనే అతను వెంట వచ్చాడు. "ఎవరాపుతరు? నేను మాట్లాడి తీస్కపోత" అని ఆటోను వాకిట్లోనే నిలిపాడు.

చూపు సరిగా ఉందో లేదోనని పది నిమిషాలకోసారి కవిత వేళ్లు చూపిస్తూనే ఉంది. నాలుగింటికి వాపుతో కన్ను మూసుకుపోయింది. కవిత రెప్ప పైకెత్తింది.

"ఎన్ని అవ్వా?"

ఉప్పలమ్మ ఆ సందులోంచి వేళ్లకేసి చూసింది.

"రెండు... జర చెయ్యి వణకకుంట చూపియ్యి బిడ్డా."

పొద్దు గూకేసరికి వాపు పెరగడం ఆగింది. వాళ్లను కవిత తన ఇంట్లోనే ఉంచుకుంది. మర్నాటికి చెంప నల్లగా కమిలింది. ఆ మచ్చ పోవడానికి రెండు వారాలు, పెదవి తిమ్మిరి తగ్గడానికి నెల పట్టింది.

పంటికి మిగిలిన పని వరంగల్‌లో మేడంతో చేయిస్తానంది కవిత.

"నువ్వే చెయ్యి," అంది ఉప్పలమ్మ. "మందు వదిలేటప్పుడు నాకు చెప్పు."

అప్పటికి పక్కన రంధ్రముండే సూదులు వచ్చాయి. కవిత కొత్త సూదిలోంచి నీళ్లు వదిలి, అవి పక్కకు ఎలా పడతాయో చూపించింది. తర్వాత బొట్టు బొట్టుగా కడుగుతూ ప్రతిసారీ చెప్పింది. గంట పట్టింది. అంతసేపూ సారయ్య గుమ్మంలో నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.