పీతల పోట్లాటలో నా తప్పేమిటి?

నేను ఒక కంప్యూటర్‌ని. విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం వాళ్ళ గదిలో తొమ్మిదేళ్ళు చాకిరీ చేశాను. ఎక్కడో ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్ళు, చివరికి పీతల వల్ల నా పరువు పోతుందని చెప్పలేదు.

మొదట గుమాస్తాల చేతుల్లో పడి హాజరు పట్టీలు కొట్టాను. తర్వాత పరిశోధక విద్యార్థిని సుభాషిణి చేతికొచ్చాను. సముద్రపు ఒడ్డున పీతలు బొరియల కోసం ఎలా పోట్లాడుకుంటాయో మూడేళ్ళు ఎండలో కూర్చుని రాసుకొచ్చిందా అమ్మాయి. ఆ వివరాలు నాకిచ్చి, నాలోనే వెయ్యి ఉత్తుత్తి పీతలను పుట్టించింది. కొన్ని తెగించి కొట్లాడే రకం, కొన్ని బెదిరించి చూసి తప్పుకునే రకం. బొరియ దక్కితే ఇంత లాభం, కాలు విరిగితే ఇంత నష్టం. తరాల తరబడి ఆడించి ఏ రకం మిగులుతుందో చెప్పడం నా పని.

చెప్పాను. కొట్లాట రకమే మిగిలింది.

"ఒడ్డున ఎక్కువ పీతలు బెదిరించి పోతాయి కదమ్మా! ఈ డబ్బాకి మతి పోయింది," అంటూ గైడు పైడిరాజు గారు నన్ను తుక్కులో వేయమని కాగితం మీద సంతకం చేసేశారు. మతి పోయింది నాకా!

గది ఊడ్చే అప్పలకొండ, తెర మీద పీతలన్నీ కొట్లాడుకోవడం చూసి చీపురు ఆపింది. "ఏటమ్మా ఇది? కాలిరిగిన పీత ఎలా బతుకుతాది? అందుకే గదా బెదిరించి తప్పుకుంతాయి!"

సుభాషిణి గబగబా నోటు పుస్తకాలు తిరగేసింది. ఆ విభాగంలో ఒక ఆచారం ఉంది. సీసాల్లో నమూనాలు దాచే రోజుల నుంచీ, అవయవం పోయిన జీవి లెక్కలోకి రాదు. అందుకని పోట్లాటలో కాలు పోయిన ప్రతి పీతనూ రాసుకున్నప్పుడే ఎర్ర సిరాతో కొట్టేసింది. అంటే దెబ్బలే తగలవని నాకు చెప్పారన్నమాట! నష్టమే లేనప్పుడు ఎవరు కొట్లాడరండీ?

కొట్టేసిన పీతలన్నిటినీ మళ్ళీ ఎక్కించింది. ఈసారి నా తెర మీద తప్పుకునేవే ఎక్కువయ్యాయి, అచ్చం ఒడ్డున ఉన్నట్టే.

"నేను ముందే అనుకున్నాను," అన్నారు పైడిరాజు గారు. ఎంత నిబ్బరం!

"మరి ఆ కాగితం వెనక్కి తీసుకుందామా సార్? తప్పు దీనిది కాదు కదా."

"సంతకం పెట్టాక వెనక్కి తీసుకుంటే తప్పు మనదని ఒప్పుకున్నట్టేనమ్మా."

ఆమె ఏదో అనబోయింది. ఆమె సిద్ధాంత గ్రంథం మీద ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. "అలాగే సార్," అంది.

ఇప్పుడు సైకిల్ షెడ్డు వెనక విరిగిన కుర్చీల మధ్య పడున్నాను. నాకోసం పోట్లాడితే ఆమెకు దక్కేది ఒక పాత డబ్బా, పోయేది మూడేళ్ళ కష్టం. తప్పుకోవడమే మేలు. అడిగితే నేనైనా అదే చెప్పేదాన్ని. అయినా ఒళ్ళు మండిపోతోంది. ఇంకొక్కసారి, కాస్త గట్టిగా అని చూడలేకపోయిందా?